పెట్టినవాడే తీయాలి

ప్లీడరమ్మ ఆఫీసులో ఎవరికైనా టీ సగం గ్లాసే పోస్తారు.

మెట్ల కింద జిరాక్సు షాపతనికి ఇదొక వేళాకోళం. "పిల్లికి బిచ్చం పెట్టని మనిషి. టీ దగ్గర కూడా కక్కుర్తే" అని వచ్చేపోయేవాళ్ళతో అంటుంటాడు. మెట్లెక్కి బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు మాత్రం కారణం ఎవరూ చెప్పనక్కర్లేదు. నిండు గ్లాసు ఒలక్కుండా పట్టుకోవాలంటే చేతికి అన్ని వేళ్ళూ ఉండాలి. కప్పుకు చెవి ఉంటుంది గానీ, ఆ చెవిలో దూర్చడానికి వేలు కావాలి. అందుకని అక్కడ కప్పులే లేవు. అడుగు వెడల్పుగా ఉండే స్టీలు గ్లాసులు, వాటిలో సగానికి టీ. ఒలకదు, ఒళ్ళు కాలదు, పక్కవాళ్ళు పట్టుకుని తాగించనక్కర్లేదు.

ఆమె ముప్ఫై ఏళ్ళుగా ఈ కేసులే చూస్తోంది. మిషన్లలో చేతులు పోగొట్టుకున్నవాళ్ళు, పరంజా మీద నుంచి పడి నడుము విరిగినవాళ్ళు, బాయిలరు ఆవిరికి చర్మం ఊడినవాళ్ళు. భూమి తగాదాలు తీసుకోదు, విడాకులు తీసుకోదు. తోటి లాయర్లు ఆమెకు 'చేతుల ప్లీడరమ్మ' అని పేరు పెట్టారు. మొదట్లో అది వెక్కిరింత. పోనుపోను అదే అడ్రసు అయింది.

గుమాస్తాకు ఉద్యోగంలో చేరేటప్పుడు ఆమె ఒకే షరతు పెట్టింది. క్లయింట్ల ముందు చేతుల మీద మాటలు వాడకూడదు. పాపం, నోరు తెరిస్తే అవే వస్తాయి. 'కంపెనీవాళ్ళు చేతులు దులుపుకున్నారు' అనబోయి నాలుక కరుచుకుంటాడు. ఒకసారి మోచేతి దాకా పోయిన మనిషితో, "దిగులు పడకండి, మీ కేసు మా చేతిలో ఉంది" అనేశాడు. ఆ మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. "మీ చేతిలోనే ఉంచండి సార్. నాకిస్తే మళ్ళీ పోగొడతాను" అన్నాడు.

ఇంట్లోనూ ఆమెకు ఈ చూపు పోలేదు. భర్త రిటైరైన లెక్కల మాస్టారు. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే వెనక నుంచి, "వేళ్ళు లోపలికి మడిచి కొయ్యండి" అంటుంది.

"ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారైనా బాగా తరిగారండీ అన్నావా?"

"బాగా తరిగేవాళ్ళు నా దగ్గరికి రారు కదా."

ఆమెకు పని నేర్పింది ఒక ముసలి సీనియరు. ఆయన పోయి చాలా కాలమైంది గానీ ఆయన అలవాట్లు మూడు ఆమె దగ్గర మిగిలాయి. మొదటిది, దెబ్బ తిన్నవాడి చేత జరిగింది మూడుసార్లు చెప్పించాలి: ఒకసారి కూర్చుని, ఒకసారి నిలబడి, ఒకసారి మాట లేకుండా ఒట్టి చేతులతో. నోరు ఊరందరి మాటా మోస్తుంది, చేతులకు మాత్రం తమ పని ఒక్కటే తెలుసు అనేవాడాయన. రెండోది, కేసు వేసిన రోజే ఆ మిషను చుట్టుపక్కల పనిచేసే వాళ్ళందరి పేర్లూ సాక్షుల జాబితాలో పెట్టెయ్యాలి. పిలిచేది ఒక్కడినే అయినా సరే. ఎవరిని పిలుస్తామో అవతలివాడికి అంతుపట్టకూడదు. మూడోది క్లయింటుకు చెప్పేది: అడిగినదానికే జవాబు. అడగనిది నోట్లోనే ఉండాలి.

ఈ కథకు ఆ మూడూ కావాలి.

*

వచ్చిన మనిషి రేకుల ఫ్యాక్టరీలో ప్రెస్సు మిషను నడిపేవాడు. నడివయసు, పొడుగు, తక్కువ మాట. కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది. దానిమీద తువ్వాలు కప్పుకుని, తువ్వాలు జారినప్పుడల్లా ఎడమచేత్తో సర్దుకుంటూ కూర్చున్నాడు. పక్కన భార్య. ఆమెకు మాట తక్కువ కాదు.

"ఈయన్ని అడక్కండమ్మా, నన్నడగండి. ఈయన నోట్లోంచి మాట రావాలంటే పట్టకారు కావాలి."

"చెయ్యి పోయింది ఆయనది కదమ్మా. ఆయన్నే చెప్పనీ."

జరిగింది కూర్చుని చెప్పాడు, నిలబడి చెప్పాడు. ప్రెస్సు మిషనుకు రెండు బటన్లు ఉంటాయి, కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి. రెండూ ఒకేసారి నొక్కితేనే పైనున్న దిమ్మ కిందికి దిగి రేకును అచ్చు కొడుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే దిమ్మ కింద చెయ్యి ఉండదు. అదీ రక్షణ. కానీ రేకు పెట్టి, రెండు చేతులూ వెనక్కి తెచ్చి, నొక్కి, మళ్ళీ లోపలికి పెట్టి రేకు తీస్తూ పోతే, కంపెనీ అడిగినన్ని అచ్చులు రావు. అందుకని ఒక బటన్ని నొక్కి పట్టి సందులో చిన్న చెక్కముక్క దూర్చేస్తారు. ఇక రెండోది నొక్కితే చాలు. ఒక చెయ్యి రేకులు అందిస్తుంటుంది, ఒక చెయ్యి నొక్కుతుంటుంది. అవి రెండూ ఒక్క క్షణం తాళం తప్పితే ఆ రేకుతో పాటు చెయ్యి కూడా అచ్చు పడుతుంది.

ప్లీడరమ్మ కేసు వేసింది. కంపెనీ తన జవాబులో రాసింది కూడా ఇదే. చెక్క దూర్చింది కార్మికుడే, రెండు చేతులూ వాడమని గోడమీద బోర్డు ఉంది, చూసి కూడా చేశాడు కాబట్టి తప్పు అతనిదే. చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. రక్షణను తనే తీసేసుకున్నవాడికి పరిహారం కోత పడుతుంది, ఒక్కోసారి మొత్తమే పోతుంది. ఇంకొకడు తీసేసిన మిషను మీద పనికెక్కినవాడికి కోత లేదు. ఆ ఇంకొకడి తప్పు కంపెనీ తప్పే. ఆ జవాబు అందాక ఇద్దరినీ మళ్ళీ పిలిపించింది.

"ఇప్పుడు మాట్లాడకు. నా బల్లే నీ మిషను. డ్యూటీ ఎక్కినప్పటి నుంచి చేసి చూపించు" అంది ప్లీడరమ్మ, బల్లమీద కాగితాలు పక్కకు జరిపి.

అతను సిగ్గుపడ్డాడు. భార్య మోచేత్తో పొడిచింది. లేచి బల్ల ముందు నిలబడ్డాడు. తువ్వాలు జారిపోయింది, ఈసారి సర్దుకోలేదు. వేస్టుగుడ్డతో మిషను పళ్ళెం తుడిచినట్టు చేశాడు. వంగి దిమ్మ కిందికి ఒకసారి తొంగి చూశాడు. పక్కన లేని రేకుల దొంతర మీద నుంచి రేకు తీశాడు, మణికట్టు మొండితో. లోపల పెట్టాడు. ఎడమచేత్తో నొక్కాడు. తీశాడు, పెట్టాడు, నొక్కాడు. మొండిచెయ్యి ముందుకీ వెనక్కీ పోతూ వస్తూ ఉంటే ఎడమ అరచెయ్యి టకటకా బల్లను కొడుతోంది. ఆ వేగానికి గుమాస్తా రాస్తున్నవాడల్లా తలెత్తి చూశాడు.

ప్లీడరమ్మ చూస్తున్నది ఇంకొకటి. బల్లకు కుడిపక్కన, రెండో బటన్ ఉండాల్సిన చోట, అతని చేతులు ఒక్కసారి కూడా ఆగలేదు. అన్నీ చేసిన మనిషి, చివరికి గుడ్డతో తుడవడం కూడా మర్చిపోని మనిషి, చెక్క దూర్చడం మాత్రం చెయ్యలేదు.

"ఆగు. చెక్క ఎప్పుడు పెట్టావు?"

ఎడమచెయ్యి గాల్లో ఆగిపోయింది.

"అదీ... ముందే ఉందమ్మా."

"నీకు ముందు ఆ మిషను మీద ఎవరు?"

అతను కింద పడ్డ తువ్వాలు కోసం వంగాడు. భార్యే అందుకుంది. "ఇంకెవరమ్మా, మా తమ్ముడు. ముందు షిఫ్టు వాడిదే కదా. వాడు దిగితే ఈయన ఎక్కుతాడు. బావా బావమరుదులు మిషను దగ్గర కలుసుకోవడమే గానీ ఇంట్లో కలిసి అన్నం తిని ఎన్నాళ్ళో..."

అంతవరకు గడగడా వచ్చిన మాట అక్కడ ఆగింది. మొగుడి వైపు చూసింది. అతను తువ్వాలు తీసుకుని మణికట్టుకు చుట్టుకుంటున్నాడు, ఒంటిచేత్తో, పళ్ళతో పట్టి లాగుతూ.

"వాడేనా?" అంది.

అతను ముడి ఇంకాస్త బిగించాడు.

"నీకు ముందే తెలుసా? ఆసుపత్రిలో ఉన్నప్పటి నుంచీ తెలుసా? నేను రోజూ కట్టు కడుగుతూ ఆ మిషన్నీ, ఆ కంపెనీవాణ్ణీ తిడుతుంటే నోరు మూసుకుని విన్నావా?"

"అరవకు. ఇది ఇల్లు కాదు."

"ఇంట్లో చెప్పుంటే అక్కడే అరిచేదాన్ని."

ప్లీడరమ్మ ఇద్దరి మధ్యకీ పోలేదు. సగం గ్లాసులు తెప్పించింది. ఇద్దరూ తాగేదాకా ఆగి, చట్టం ఏమంటుందో ఎక్కువా తక్కువా లేకుండా చెప్పింది. బావమరిది బోనెక్కి, చెక్క తను పెట్టిందేనని, తియ్యడం మర్చిపోయానని చెప్తే ఈ కేసులో కోత ఉండదు.

"వాడి ఉద్యోగం?" అని అడిగాడు అతను.

"కాంట్రాక్టు మనిషా, పర్మనెంటా?"

"కాంట్రాక్టు."

"అయితే ఉండదు."

"అమ్మా, మా ఇంటద్దె వాడే కడుతున్నాడు. పిల్లల ఫీజు వాడే. వాడి పెళ్ళాం పిల్లలు సరే సరి. మీరిప్పించేది ఒక్కసారి వస్తుంది. వాడిచ్చేది నెలనెలా వస్తుంది. ఒక చెయ్యి ఎలాగూ పోయింది. రెండిళ్ళకు ఉన్న ఇంకో చెయ్యి కూడా నేనే నరుక్కోనా?"

గుమాస్తా కలం పట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

"చెప్పెయ్యి" అంది భార్య. గొంతు తగ్గింది. "వాడు నా తోడబుట్టినవాడే. నేనెత్తుకుని పెంచాను. అయినా చెప్పెయ్యి. వాడు అద్దె కడుతున్నాడని నిజాన్ని దాచిపెట్టుకుంటామా?"

"నువ్వు ఊరుకో."

క్లయింటు అతను. ఆమె కాదు. ప్లీడరమ్మ అదే మాట ఆమెతో అంది. ఆమె లేచి, గ్లాసులు రెండూ కడిగి బోర్లించి, ముందుగా మెట్లు దిగిపోయింది.

వాళ్ళు వెళ్ళాక ప్లీడరమ్మ కట్ట విప్పింది. సాక్షుల జాబితా కోర్టులో పడి అప్పటికే నెల దాటింది. నకలు కంపెనీకి చేరిపోయింది. ఏడు పేర్లు. ఐదోది బావమరిది పేరు. పేరు కొట్టేయమని అర్జీ పెట్టొచ్చు. కానీ ఏడింటిలో ఒక్కటి కొట్టేస్తే ఆ పేరు చుట్టూ సున్నా చుట్టి చూపించినట్టే. అలాగే ఉంటేనే నయం, ఏడుగురిలో ఒకడు అనుకుంది. ముప్ఫై ఏళ్ళుగా జాబితాలు వేస్తున్న మనిషి అనుకునే మాటే అది. మిగతా ఆరుగురూ పర్మనెంటు మనుషులని, వాళ్ళ వెనక యూనియన్ ఉందని, ఐదోవాడి వెనక ఎవరూ లేరని ఆమె ఆ పూట ఆలోచించలేదు.

*

ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టీ కొట్టు ఉంది. కొత్త కేసు వచ్చినప్పుడల్లా షిఫ్టు మారే వేళకు ప్లీడరమ్మ ఇలాంటి కొట్టు ముందు నిలబడుతుంది. గేటు దాటి వచ్చేవాళ్ళ మొహాలు చూడదు. చేతులు చూస్తుంది.

బావమరిది తనే వచ్చి పలకరించాడు. బక్కగా, చురుగ్గా ఉన్నాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"అక్క చెప్పింది, మీకు తెలిసిపోయిందని. అక్క నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, మాట్లాడదు."

"ఏం జరిగింది?"

"అందరూ పెడతారమ్మా. పెట్టినవాడే తీయాలి. అది మాలో మాకు కట్టుబాటు. బోర్డు మీద ఉండదు గానీ బోర్డు కంటే గట్టిది. దిగేముందు చెక్క తీసి జేబులో వేసుకుని దిగాలి. నా జేబులో ఎప్పుడూ ఉండేది. ఆ రోజు సైరన్ అయ్యేసరికి బయట బస్సు కదులుతోంది. పరిగెత్తాను. బస్సెక్కి చిల్లర కోసం జేబులో చెయ్యి పెడితే చెక్క తగల్లేదు."

"అప్పుడు?"

"బావ చూసుకుంటాడులే అనుకున్నా." అతను గేటు వైపు చూశాడు. "బావ ఎప్పుడూ చెక్క పెట్టడమ్మా. మా లైన్లో రెండు చేతులతో కొట్టేది ఆయనొక్కడే. అందరం ఏడిపించేవాళ్ళం, రెండు చేతులా దణ్ణం పెట్టే భక్తుడొచ్చాడ్రోయ్ అని. ఆ వారం అచ్చులు తక్కువొస్తున్నాయని సూపర్‌వైజరు ఆయన్ని నలుగురిలో తిట్టాడు. ఇంక ఆ రోజు చెక్క ఉండేసరికి... తియ్యబుద్ధి కాలేదేమో. నాకు తెలీదు. నేనడగలేదు. ఆయనా చెప్పలేదు."

ఈ మాట ప్లీడరమ్మ ఊహించనిది. ఎప్పుడూ చెక్క పెట్టని మనిషి ఆ ఒక్క రోజు ఉన్నదాన్ని తియ్యలేదు. అయినా పెట్టింది అతను కాదు. కోర్టు ముందు ఆ తేడా చాలు.

"నిన్ను పిలిస్తే వస్తావా?"

"పిలిస్తే వస్తా. వచ్చి చెప్తా. పిలవకపోతే..." మాట మింగేశాడు. "ఇద్దరు పిల్లలమ్మా. చిన్నదానికి ఇంకా నడక రాలేదు. నా పేరు ఎక్కడా లేదు కదా?"

ఆమె దగ్గర ఈ ప్రశ్నకు చిన్న జవాబు ఉంది. ఉంది, అని. కానీ అతని మొహం చూసి, "నిన్ను బోనెక్కించను. అది నా మాట" అంది.

అతను రెండు చేతులూ జేబుల్లోంచి తీసి నమస్కారం పెట్టాడు. టీ డబ్బులు తనే ఇస్తానని పట్టుబట్టాడు.

*

కోర్టులో కంపెనీ తరఫు లాయరు మెత్తని మనిషి. అవతలి పక్షం గుమాస్తాకు దగ్గొస్తే తన జేబులోంచి బిళ్ళ తీసిచ్చే రకం. ఎప్పుడూ నవ్వు మొహమే. అందుకే అందరూ 'నవ్వుల వకీలు' అంటారు. ఆ నవ్వుకు జంకే కుర్ర లాయర్లు చాలామంది ఉన్నారు.

ముందురోజు ప్లీడరమ్మ తన క్లయింటుతో గట్టిగా చెప్పింది. "చెక్క ఎవరు పెట్టారని నేనడగను. అబద్ధం చెప్పించడం నా పని కాదు. ఆయన అడుగుతాడు. నేను పెట్టలేదు అను, అంతవరకు నిజమే. ఎవరు పెట్టారంటే, నేను చూడలేదు అను. పెడుతుండగా నువ్వు చూడలేదు కదా? అక్కడితో ఆపు. అడిగినదానికే జవాబు."

అతను తలూపాడు. ఆ తలూపు ఆమెకు నచ్చలేదు. మరీ తొందరగా ఊపాడు.

బోనులో నిలబడి పేరు, వయసు, ఎన్నేళ్ళ సర్వీసు, అన్నీ సరిగ్గానే చెప్పాడు. నవ్వుల వకీలు లేచాడు.

"చెయ్యి ఎలా ఉంది బాబూ?"

"లేదండి."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. వకీలు కూడా నవ్వాడు. "అది నిజమే. నా అడగడంలోనే తప్పుంది. సరే, ఆ చెక్కముక్క సంగతి. అది నీ అంతట నువ్వు పెట్టుకున్నావా, లేక నీకంటే ముందు షిఫ్టువాడు వదిలేసి పోయాడా?"

ప్లీడరమ్మ చూపు ఠక్కున వకీలు బల్ల మీదికి పోయింది. సాక్షుల జాబితా పైనే ఉంది. ఐదో పేరు పక్కన పెన్సిలు గీత. ఒక్క గీత, ఒక్క పేరు పక్కన.

బోనులో మనిషికి కూడా ఎక్కడో తగిలినట్టుంది.

"నేనే పెట్టానండి."

"నువ్వే?"

"నేనేనండి."

అక్కడ ఆగినా కొంత మిగిలేది. వకీలు కూర్చోబోతున్నాడు కూడా. కానీ అతను బోను కమ్మీ పట్టుకుని, కుర్చీలో ఉన్న జడ్జి వైపు తిరిగి, ఎవరూ అడగకుండానే అన్నాడు.

"ముందు షిఫ్టులో ఆ మిషను నడవలేదండి. ఆ షిఫ్టులో దాని మీద ఎవరూ పనిచెయ్యలేదు. నేనొచ్చాకే మొదలెట్టాను."

టైపు చేసే అమ్మాయి ఆ మూడు వాక్యాలూ కొట్టింది. జడ్జి ఒకసారి చదివి వినిపించమన్నారు. చదివింది. ఔనన్నాడు. ఎడమచేత్తో సంతకం పెట్టాడు. ఆ సంతకం నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టిందని భార్య ఆ మధ్య చెప్పింది.

వరండాలో భార్య స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. అతను బయటికి రాగానే, "బాగా చెప్పావు. పట్టకారు అక్కర్లేకుండానే వచ్చాయే మాటలు" అంది. అతను మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళాడు.

తరవాతి వాయిదాలో సూపర్‌వైజరు వచ్చాడు. ప్లీడరమ్మకు మిగిలిన దారి అదొక్కటే.

"రెండు చేతులూ వాడితే మీరు చెప్పినన్ని అచ్చులు వస్తాయా?"

"గట్టిగా కొడితే వస్తాయండి."

"మీరెప్పుడైనా కొట్టి చూశారా?"

"నేను సూపర్‌వైజర్ని అండీ."

"చెయ్యి పెట్టే పని కాదు, అరిచే పని. సరే. మిషన్లలో చెక్కలు మీరెప్పుడూ చూడలేదా?"

"బోర్డు పెట్టామండి."

"నేను బోర్డు చూశారా అనలేదు. చెక్క చూశారా?"

సూపర్‌వైజరు నవ్వుల వకీలు వైపు చూశాడు. ఆయన నవ్వడం లేదు.

"అప్పుడప్పుడండి."

ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె వాదించింది. తెలిసీ ఊరుకున్నవాడికీ, పెట్టినవాడికీ తప్పులో సమభాగం ఉందని. జడ్జి ఆ మేరకే ఒప్పుకున్నారు. ఉత్తర్వులో పరిహారం సరిగ్గా సగానికి కోసేశారు. వరండాలో కుర్ర లాయర్లు వచ్చి అభినందించారు. 'నేనే పెట్టాను' అన్న క్లయింటుకు సగం తేవడమంటే మాటలా అన్నారు. ఆమె వాళ్ళకు థాంక్స్ చెప్పి, గౌను మడిచి సంచిలో పెట్టుకుంది.

*

ఉత్తర్వు వచ్చిన వారానికి ముగ్గురూ కలిసి మెట్లెక్కారు. అక్క, బావ, బావమరిది. బావమరిది మొహం పాలిపోయి ఉంది.

"గేటు దగ్గర ఆపేశారమ్మా. నీకు పని లేదు పొమ్మన్నారు. ఎందుకని కాంట్రాక్టర్ని అడిగితే, అసలు నువ్వెవరు, నా దగ్గర ఎప్పుడు పనిచేశావు అన్నాడు. ఆరేళ్ళు. ఆరేళ్ళు వాడి మొహం చూసి మొక్కాను."

"కార్డు?"

"గేటు దగ్గరే లాక్కున్నారు."

"జీతం బ్యాంకులో వేస్తారా?"

"చేతికిస్తారమ్మా." గుమాస్తా కళ్ళు దించుకున్నాడు. ఈసారి మాట తనది కాదు.

"అసలు నా మీదెందుకు పడ్డారమ్మా? బావ నా పేరు ఎత్తలేదు. మీరు నన్ను పిలవలేదు. నేను కోర్టు గడప తొక్కలేదు. వాళ్ళకెలా తెలిసింది?"

ప్లీడరమ్మ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"నీ పేరు నేను రాశాను. కేసు వేసినప్పుడే, అందరితో పాటు. ఆ రోజు కొట్టు దగ్గర నువ్వడిగావు. నేను నీకు వేరే జవాబు చెప్పాను."

బావమరిది అక్కే అందుకుంది.

"మమ్మల్ని మాత్రం అడిగినదానికే జవాబు చెప్పమంటారు."

"అవును."

"మీరు చెప్పుంటే ఈయన బోనులో ఆ కూత కూసేవాడు కాదు. ఎలాగూ పోయే ఉద్యోగమే కదా అని నిజం చెప్పేవాడు. చేతికి చెయ్యి ఖరీదన్నా వచ్చేది."

"అవును" అంది ప్లీడరమ్మ మళ్ళీ.

ఆమె తప్పించుకునే మాట ఒక్కటీ వెతకలేదు. ఇప్పుడు చేయగలిగింది చెప్పింది. బావమరిది తరఫున కేసు వేయొచ్చు. తను ఫీజు తీసుకోదు. కానీ ఆ మిషను మీద అతను ఆరేళ్ళు పనిచేశాడని చెప్పేవాడొకడు కావాలి. జాబితాలో మిగతా ఆరుగురికీ ఆమె అక్కడికక్కడే ఫోన్ చేసింది. ముగ్గురు ఎత్తలేదు. ఇద్దరు ఊళ్ళో లేమన్నారు. ఆరోవాడు, "అమ్మా, మీ జాబితాలో ఉన్నవాడి గతి చూశాక కూడా అడుగుతున్నారా?" అన్నాడు. ఇక మిగిలింది షిఫ్టు మారేటప్పుడు రోజూ అతని చేతుల్లోంచి మిషను అందుకున్న మనిషి. ఆ మనిషి ప్రమాణం చేసి, సంతకం పెట్టి, ముందు షిఫ్టులో దానిమీద ఎవరూ లేరని చెప్పాడు.

"నేను అబద్ధం చెప్పానని ఇప్పుడు చెప్తే?" అడిగాడు బావ.

"కంపెనీ మీ ఉత్తర్వు మీద పైకోర్టుకు పోతుంది. అబద్ధపు సాక్ష్యం అంటుంది. వచ్చే సగం ఆగిపోతుంది. ఎన్నేళ్ళో చెప్పలేను. మీమీద విడిగా కేసు కూడా పెట్టొచ్చు."

"అయినా చెప్తా."

"వద్దు బావా" అన్నాడు బావమరిది. "ఆ సగమన్నా ఉండనీ. నేనెక్కడో మూటలు మోసుకుంటా."

"నీ చిన్నదానికి నడక రాలేదురా."

"నీకు చెయ్యే లేదు."

"చాల్లే ఆపండి" అంది అక్క. "ఒకడు బావ కోసం నోరు మూసుకుంటాడు, ఒకడు బావమరిది కోసం నోరు తెరుస్తాడు. ఇద్దరూ కూర్చుని ఒకరికొకరు త్యాగాలు చేసుకోండి. అద్దె నేను కడతా."

ఇద్దరూ తలలు దించుకున్నారు. ఎవరూ ఆమెను ఎలా అని అడగలేదు. ప్లీడరమ్మ అడిగింది.

"అదే కంపెనీ. ప్యాకింగులో ఆడవాళ్ళని తీసుకుంటున్నారు. వేరే కాంట్రాక్టరు. నిన్ననే మాట్లాడొచ్చా."

"అక్కా, అక్కడికా?" అన్నాడు తమ్ముడు.

"ఎక్కడికి పొమ్మంటావు? ఈ ఊళ్ళో ఇంకెక్కడ సైరన్ మోగుతుంది?"

ప్లీడరమ్మ కాగితం ముందుకు లాక్కుంది. చేరిన తేదీ, కాంట్రాక్టరు పేరు, గేటు దగ్గర ఉండే వాచ్‌మన్ పేరు, పక్కన పనిచేసే ఇద్దరి పేర్లు అడిగింది. జీతం బ్యాంకులో వేయమని మొదటి నెలే అడగాలని చెప్పింది. వాళ్ళు ఒప్పుకోరమ్మా అంది ఆమె. ఒప్పుకోకపోయినా నలుగురి ముందు అడుగు అంది ప్లీడరమ్మ.

ఆ పేర్లన్నీ రాసిన కాగితాన్ని ఆమె ఏ కట్టలోనూ పెట్టలేదు, గుమాస్తాకు ఇవ్వలేదు. నాలుగు మడతలు పెట్టి ఆ ఆడమనిషికే ఇచ్చింది.

బావమరిది కేసు వేయలేదు. అతను లారీల దగ్గర సరుకు దింపే పనికి పోతున్నాడు, పని ఉన్న రోజున. బావకు రావలసిన సగం ఇంకా రాలేదు. కంపెనీ గడువు అడిగింది, జడ్జి ఇచ్చారు. అక్క సోమవారం చేరింది. ఆమె జీతం, తమ్ముడికి ఇచ్చినదాంట్లో ముప్పావు వంతు. చేతికే ఇస్తున్నారు.